అడ్డం, నిలువు, ఆధారం

వారపత్రికని వెనకనుంచి చదివేవాళ్ళు ఒక జాతి. సీరియల్ ఎక్కడ ఆగిందో, కథల పోటీలో బహుమతి ఎవరికొచ్చిందో వాళ్ళకి అక్కర్లేదు. పత్రిక చేతికి రాగానే అట్ట మీద బొమ్మ కూడా చూడకుండా, బొటనవేలితో ఆఖరి పేజీలు విప్పి, నల్లగళ్ళూ తెల్లగళ్ళూ ఉన్న ఆ చదరం కనబడేదాకా ఊపిరి పీల్చరు. కనబడ్డాక పెన్ను కోసం ఇల్లంతా వెతుకుతారు. ఇక ఆ పూట పాలు పొంగినా, కుక్కరు ఆరు కూతలు కూసినా వాళ్ళకి వినబడదు. పోనీ తమ మానాన తాము నింపుకుంటారా అంటే అదీ లేదు. పక్కనుంచి వెళ్ళేవాళ్ళని ఆపి, "మూడక్షరాల నది, ఆఖరున ‘రి’ ఉంది, చెప్పు చూద్దాం!" అంటారు.

నవలలు రాసుకుని బతికేదాన్ని కనక నాకు ఈ జాతి మీద కాస్త గుర్రుగానే ఉండేది. పదకొండో పేజీలో నా నాయిక పెట్టె సర్దుకుని, కళ్ళు తుడుచుకుంటూ రైలెక్కబోతూ ఉంటే, వీళ్ళు యాభయ్యారో పేజీలో ‘పెట్టె’కి పర్యాయపదం వెతుక్కుంటూ ఉంటారు! ఎవరిని అనుకుని ఏం లాభం? ఆ జాతికి పెద్దదిక్కు మా ఇంట్లోనే ఉంది. మా అమ్మ.

అసలీ గళ్ళ పిచ్చికి పుట్టిల్లు ఎక్కడో తెలుసా? అమెరికా. 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ అనే పత్రిక ఆదివారం అనుబంధంలో ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో గళ్ళు గీసి, ‘వర్డ్-క్రాస్’ అని పేరు పెట్టి అచ్చేశాడు. కొద్దివారాలకే ఆ పేరులోని మాటలు రెండూ అటూ ఇటూ అయి ‘క్రాస్-వర్డ్’ అయి కూర్చుంది. మాటల్ని అటూ ఇటూ చేసే ఆట కదా, ముందు తన పేరుతోనే మొదలుపెట్టిందన్నమాట. 1924లో ఇద్దరు కుర్రాళ్ళు ప్రచురణ సంస్థ పెట్టి, తమ మొట్టమొదటి పుస్తకంగా గళ్ళ పుస్తకమే వేశారు. కొన్నవాళ్ళకి పెన్సిలు కూడా జతచేసి మరీ ఇచ్చారు. పెన్ను కోసం ఇల్లంతా వెతికే జాతి గురించి వాళ్ళకి అప్పుడే తెలుసు!

ఆ పుస్తకాన్ని కూర్చినవాళ్ళలో ఒక ఆడమనిషి ఉంది. పెళ్ళయ్యాక మార్గరెట్ ఫరార్ అయింది. గళ్ళని పనీపాటా లేనివాళ్ళ కాలక్షేపమని ఈసడించిన ‘న్యూయార్క్ టైమ్స్’ పత్రికే, యుద్ధం రోజుల్లో మనసు మార్చుకుని, 1942 ఫిబ్రవరిలో గళ్ళు వెయ్యడం మొదలుపెట్టి, ఆ శీర్షికని ఈవిడ చేతికే అప్పగించింది. 1969 దాకా ఆ కుర్చీలో ఈవిడే కూర్చుంది. ఈ సంగతి మా అమ్మకి చెబితే, "మరి! బియ్యంలో రాళ్ళు ఏరే చేతికి కాక ఇంకెవరికిస్తారూ?" అంది.

అయితే అమెరికా వాడు గళ్ళు గీశాడు గానీ మాటల్తో మెలికలు వెయ్యడం మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు. దండి ‘కావ్యాదర్శం’లో ప్రహేళికలు పదహారు రకాలని లెక్కపెట్టి చెప్పాడు. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ అని ఒకే కావ్యం రాసి, ఒకవైపు నుంచి చూస్తే రామాయణం, ఇంకోవైపు నుంచి చూస్తే భారతం చేసి పెట్టాడు. ఇక ఆడవాళ్ళ పొడుపుకథల సంగతి చెప్పేదేముంది! పిండి విసురుతూ ఒకటి, పప్పు రుబ్బుతూ ఒకటి. అందుకే గళ్ళు తెలుగులోకి రాగానే మహామహులే చెయ్యిచేసుకున్నారు. శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’ అన్నాడు, ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’ అన్నాడు. మహాకవి అంతటివాడు గళ్ళు కడితే, మా అమ్మలాంటి వాళ్ళు వంటింటి గట్టు మీద పత్రిక పరుచుకుని వాటితో కుస్తీ పట్టేవారు. కవిత్వం అర్థం కాలేదని ఎవరైనా అంటారేమో గానీ, గళ్ళు అర్థం కాలేదంటే ఒప్పుకోరు. వచ్చే వారం దాకా నిద్రపోరు, అంతే.

ఇంగ్లీషు గళ్ళకీ మన గళ్ళకీ ఒక తేడా ఉంది. వాళ్ళకి ఉన్నవే ఇరవైయారు అక్షరాలు. ఏ గడి చూసినా ఆ ఇరవైయారులో ఒకటి పడాల్సిందే. మనకలా కాదు. గుణింతంతో, ఒత్తుతో సహా ఒక అక్షరం ఒక గడి. ‘క’ వేరు, ‘కి’ వేరు, ‘క్కి’ వేరు. అడ్డంగా వచ్చే మాటలో ‘కి’ ఉంటే నిలువుగా వచ్చే మాటలోనూ అచ్చంగా ‘కి’యే ఉండాలి. దీర్ఘం తగిలినా, ఒత్తు తగిలినా రెండుమాటలకీ పొత్తు కుదరదు. కట్టేవారి కష్టమంతా అక్కడే. అందుకే మన గళ్ళల్లో మాటలు ఒక్కోసారి తల తెగీ, తోక తెగీ, కకావికలైపోయీ కనబడుతూ ఉంటాయి. ‘అటునుంచి నరుక్కురండి’ అన్నారంటే మాటని వెనకనుంచి రాయమని అర్థం. అలవాటు లేనివాళ్ళు ఆ ఆధారాలు చదివితే ఏదో హత్యాకాండ అనుకుంటారు.

అన్నట్టు, ‘స్త్రీ’ అనే మాటలో మూడు హల్లులూ ఒక దీర్ఘం ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నా ఆవిడకి ఇచ్చేది ఒక్క గడే. ‘పురుషుడు’ మాత్రం కాళ్ళు చాపుకుని హాయిగా నాలుగు గళ్ళలో పడుకుంటాడు. గళ్ళల్లో ఎవర్నీ తప్పుపట్టలేం, మన లిపి అలాంటిది. బస్సుల్లో, రైళ్ళల్లో మాత్రం లిపి వంక చెప్పడానికి లేదు.

ఇప్పుడు వంటింటి సంగతికొస్తాను. ఏ పత్రికో చెప్పను గానీ, ఆ మధ్య ఒకదాంట్లో ‘ఈ వారం ప్రత్యేకం: వంటిల్లు’ అని గళ్ళు వేశారు. ఇలా ఒక వస్తువు తీసుకుని దాని చుట్టూ మాటలన్నీ అల్లడంలో ఒక సుఖం ఉంది, ఒక కష్టం ఉంది. జవాబు ఏ ఇంట్లో ఉందో ముందే తెలిసిపోవడం సుఖం. తెలిసినా ఆ ఇంట్లో ఏ డబ్బాలో ఉందో చెప్పకపోవడం కష్టం. అందులోనూ, చూడబోతే ఆ గళ్ళు కట్టినాయన మహా కొంటెవాడు. అమ్మా నేనూ ఇద్దరం కూర్చున్నాం. అమ్మ చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. నేను బి.ఏ. తెలుగు. ఆవిడకి వస్తువు తెలుసు, నాకు కిటుకు తెలుసు. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి అవుతాం.

మొదటి ఆధారమే చూడండి. ‘సగం యుద్ధానికి, సగం పెళ్ళికి. మొత్తం వంకాయలకి (4)’. యుద్ధానికి కత్తి, పెళ్ళికి పీట. ‘కత్తిపీట’ అని నేను రాస్తుంటే అమ్మ నవ్వి, "పెళ్ళిలోనూ అదే వాడారనుకో కొందరికి" అంది. తరవాతది ‘రుచా? అని అటునుంచి అడుగుతారేం? పోసుకు తాగండి (2)’. ‘రుచా’ని వెనక్కి తిప్పితే ‘చారు’! అడిగినదాంట్లోనే జవాబు పెట్టి, మన ముందే తిరగేసి చూపించి, అయినా కనబడకుండా చేశాడు చూశారా, దొంగ!

‘రోగం మొదట్లోనే కలి చేరింది. పిచ్చి కుదిరాక తలకి చుట్టమని అడిగేది (3)’. ఇది కొంచెంసేపు ఏడిపించింది. రోగం మొదట్లో ఉన్నది ‘రో’. దానికి ‘కలి’ చేరిస్తే ‘రోకలి’. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్న సామెత ఉండనే ఉంది. ‘రెండు స్వరాలు దిగి, ‘ట’ దగ్గర ఆగింది. తనకి రుచి తెలియదు గానీ ఊరందరికీ వడ్డిస్తుంది (3)’. సంగీతం క్లాసుకి నేను వెళ్ళింది ఆర్నెల్లే అయినా, ‘గ’ నుంచి ‘రి’కి దిగితే అవరోహణ అని గుర్తుంది. గ, రి, ట.

‘‘ఇం’ చేరిస్తే కాసేపటి క్రితం, పొయ్యెక్కిస్తే కూర (2)’ అన్నదాన్ని మాత్రం అమ్మ కళ్ళజోడు పెట్టుకోకుండానే చెప్పేసింది. "దాక! ఇందాక!" అని. మట్టిదాకలో చేపల పులుసు వండిన చెయ్యి కదా. నా కూతుర్ని అడిగితే ‘దాక’ అంటే ఏమిటని నన్నే అడిగింది. దాని వంటింట్లో ఉన్నవి ప్యానూ, కుక్కరూ, ఎయిర్ ఫ్రయ్యరూ. వస్తువు వంటింట్లోంచి అటకెక్కితే, మాట నాలిక మీద నుంచి నిఘంటువుకెక్కుతుంది. తిరగలీ, కవ్వం, ఉట్టీ, చేటా, ఇవన్నీ ఇప్పుడు మన పిల్లలకి గళ్ళల్లో తప్ప ఎక్కడా తగలవు. ఒకరకంగా చూస్తే ఆ చదరమే ఇవాళ్టి మన అటక.

అలా కబుర్లాడుకుంటూ అన్నీ నింపుకొచ్చాం. ‘నుదుట పెట్టుకునేది పూస్తే పాలలో వేస్తారు (5)’ కుంకుమపువ్వు. ‘ఆకూ, పువ్వూ, కాయా, పండూ, దూటా... ఏదీ వదలరు (3)’ అరటి. ఆఖరికి ఒక్కటి మిగిలింది. ‘గుండెల మీద ఉంటే ఆడపిల్ల, వంటింట్లో ఉంటే బొగ్గులు (3)’.

జవాబు ఇద్దరికీ తెలుసు. కుంకుమపువ్వు నిలువుగా దిగుతూ ‘కుం’ ఇచ్చేసింది. అరటి వచ్చి వచ్చి ‘టి’ దగ్గర ఆగింది. మధ్యలో ‘ప’ ఒక్కటి రాస్తే అయిపోతుంది. పెన్ను అమ్మ చేతిలో ఉంది. అమ్మ రాయలేదు. పెన్నుకి మూత పెట్టేసింది.

"తెలీక కాదే," అంది. "నా చేత్తో రాయను."

మేం ముగ్గురం ఆడపిల్లలం. నాన్న పోయేనాటికి అక్క ఇంటర్, నేను తొమ్మిది, చెల్లెలు ఆరు. పదకొండో రోజున చుట్టాలందరూ ముందుగదిలో కూర్చుని, ‘ఆధారం లేని ఆడమనిషి, పైగా గుండెల మీద మూడు కుంపట్లు’ అని జాలిపడుతూ ఉంటే, అమ్మ వాళ్ళకే కాఫీలు కలుపుతూ వంటింట్లో విన్నది. నేను గుమ్మంలో నించుని విన్నాను. కాఫీ గ్లాసులు పట్టుకెళ్ళి అందరికీ ఇచ్చింది. చక్కెర సరిపోయిందా అని కూడా అడిగింది. ఆ తరవాత రెండు నెలలకి కుట్టుమిషను కొంది. పగలు జాకెట్లు, వేసవిలో ఊరగాయలు. మా ముగ్గురి ఫీజులూ, పుస్తకాలూ, ఆ తరవాత మా పెళ్ళిళ్ళూ ఆ మిషను చక్రం మీదే తిరిగాయి. ఆ మాట గురించి ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఎత్తలేదు. మర్చిపోయిందనే అనుకున్నాను.

మాటలు మర్చిపోవడానికి అవేమైనా మనుషులా?

ఇక్కడ ఒక చిక్కుంది. అన్ని గళ్ళూ సరిగ్గా నింపినవాళ్ళ పేర్లు మరుసటి వారం ఆ పత్రికలో వేస్తారు. అమ్మ పేరు అంతవరకూ ఎక్కడా అచ్చవలేదు. పెళ్ళి శుభలేఖలో తప్ప. అందులోనూ నాన్న పేరే పెద్దక్షరాల్లో ఉంటుందనుకోండి. కూతురి పేరు వారం వారం అచ్చులో చూసుకునే మనిషికి, తన పేరు ఒక్కసారి చూసుకోవాలని ఉండదూ? ఉంటుంది. నాకు తెలుసు. ఎన్నిసార్లు గళ్ళు నింపి, ఒక్క మాట దగ్గర ఆగిపోయి, "ఈసారీ తప్పిపోయింది" అనుకోలేదు గనక! ఇప్పుడు అన్నీ తెలుసు, ఉన్నది ఒక్క అక్షరం దూరం.

"పోనీ నేను రాయనా?" అన్నాను.

"నువ్వు రాస్తే మాత్రం? పేరు నాది కదా."

కాసేపు ఆ గళ్ళకేసి చూసింది. ‘కుం’కీ ‘టి’కీ మధ్య ఖాళీతో ఆ మాట కుంటుతూ నిలబడి ఉంది. తరవాత అమ్మ పెన్ను మూత తీసి, పత్రిక అంచున తెల్లజాగాలో, కుట్టుకొలతలు రాసే చిన్న చిన్న అక్షరాల్తో రాసింది: ‘ఈ మాటకి ఆధారం ఇలా ఇవ్వవచ్చు. ఒకటుంటే చలి తగ్గుతుంది, మూడుంటే అసలు వెయ్యదు (3)’.

దాన్ని అలాగే ఫోనులో ఫోటో తీసి పంపించమంది. పంపించాను. మరుసటి వారం పేర్లలో అమ్మ పేరు లేదు. అమ్మ ఆధారమూ వెయ్యలేదు. పత్రిక వాళ్ళని అనడానికి లేదు. ఒక గడి ఖాళీగా ఉంటే ఖాళీగా ఉన్నట్టే. అమ్మ జాబితా ఒకసారి పైనుంచి కిందకి చూసింది. "ఈ వారం ‘పెళ్ళి’ అట ప్రత్యేకం. పెన్ను ఇలా పట్రా" అంది.

నేను మాత్రం చాలారోజులు దాని గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. గళ్ళ ఆటలో జవాబుకి విలువెక్కువ అనుకుంటాం గానీ, అసలు పెత్తనమంతా ఆధారం ఇచ్చేవాళ్ళదే. మాట అదే. అదే మూడక్షరాల కుంపటి. దాన్ని గుండెల మీద పెట్టాలా, చలికాలం పొద్దున్నే పిల్లల మధ్య పెట్టాలా అన్నది ఆధారం రాసేవాళ్ళ చేతిలో ఉంది. ‘ఆధారం లేని ఆడమనిషి’ అన్నారు ఆవేళ. లేకేం? ఉంది. వాళ్ళకి తెలిసిన మాటల్లో లేదంతే. అది ఒక చక్రమూ, ఒక తొక్కుడుబల్లా ఉన్న ఆధారం.

ఆధారాలతో ఇంకా పెద్ద సంగతులు చెప్పినవాళ్ళున్నారు. ఇంగ్లండులో జాన్ గ్రాహం అనే పాస్టరు ఉండేవాడు. ‘గార్డియన్’ పత్రికకి 1958 నుంచి గళ్ళు కట్టేవాడు. కలంపేరు అరకారియా. అది ఒక చెట్టు పేరు. కోతికి కూడా ఎక్కడానికి తికమకే అని ఆ చెట్టుకి ఇంగ్లీషులో ముద్దుపేరు. 2013 జనవరిలో, తొంభై ఒకటో ఏట, ఆయన కట్టిన గళ్ళకి పైన ఒక చిన్న సూచన ఉంది. అరకారియాకి నిలువు పద్ధెనిమిది వచ్చిందనీ, ఫలానా నంబర్లతో చికిత్స జరుగుతోందనీ. పాఠకులు ఎప్పట్లాగే పెన్సిళ్ళు పట్టుకు కూర్చున్నారు. నింపుకుంటూ పోతే ‘క్యాన్సర్’ వచ్చింది. తరవాత ‘అన్నవాహిక’ వచ్చింది. ఇక నయం చెయ్యలేక, బాధ తగ్గించడానికి మాత్రమే ఇచ్చే వైద్యం పేరు వచ్చింది. చుట్టూ ఎండోస్కోపీ, స్టెంటు, నర్సు. యాభై ఏళ్ళు తనతో ఆడుకున్నవాళ్ళకి ఆయన ఆ కబురు ఉత్తరం రాసి చెప్పలేదు. వాళ్ళ చేత్తో వాళ్ళే, ఒక్కో అక్షరమే రాసుకుని తెలుసుకునేలా చెప్పాడు. ఆ ఏడాది నవంబరులో పోయాడు.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. నవల రాసేవాళ్ళం, ఒక మనిషి చావుకబురు చెప్పడానికి రెండు అధ్యాయాలు తీసుకుంటాం. ఉరుములు, మెరుపులు, ఆరిపోయిన దీపం, అన్నీ కావాలి మాకు. ఆయనకి కొన్ని గళ్ళు చాలాయి. పైగా ఏడవమని అడగలేదు, ఆడమన్నాడు. చెప్పలేని మాట ఉన్నవాళ్ళకి గడి మంచి చోటు. చెప్పేవాళ్ళు సగమే చెబుతారు, మిగతా సగం వినేవాళ్ళు కష్టపడి తెచ్చుకుంటారు. అలా తెచ్చుకున్న మాట ఊరికే వదిలిపోదు. మా అమ్మ చెప్పలేని మాటని ఖాళీగా వదిలేసి చెప్పింది. పద్ధతి వేరు గానీ, విద్య ఒక్కటే.

కనక అమ్మలారా, అయ్యలారా, ఈ వారం నా నాయిక రైలెక్కబోతూ ఉండగా మీరు వెనక పేజీలకి వెళ్ళిపోయినా నేనేం అనుకోను. వెళ్ళిరండి. రైలు ఆపి ఉంచుతాను. నిండని గడి ఉంటే కంగారుపడకండి. తెలియక వదిలేసినది వచ్చే వారం తెలుస్తుంది. తెలిసి వదిలేసినదాని పక్కన మీ ఆధారం మీరే రాసుకోండి.

ఊరికే పంపించడం మర్యాద కాదు కనక, పోతూపోతూ నావంతు ఒకటి. ‘అటునుంచి వచ్చినా ఇటునుంచి వచ్చినా ఒకటే. గిన్నెలు తోమడం అయ్యాక, కాలింగ్ బెల్ మోగకముందు ఇల్లాలికి దొరికేది (3)’. జవాబు రాసి పంపనక్కర్లేదు, పేర్లూ వెయ్యం. మధ్యాహ్నం భోజనం చేసి, పత్రిక మొహాన కప్పుకుని నడుం వాల్చండి. అదే వస్తుంది.